మావయ్య నడుముకు కుక్క గంట

ఆ కుర్చీలో కూర్చోకురా, అది నాది. ఆ స్టూలు ఇటు లాక్కో. ఏముంది అందులో అంటావా? కిటికీ వెలుతురు ఆ కుర్చీలో కూర్చున్నవాడి ఎడమ చెంప మీద పడుతుంది. నాకు ఎడమవైపు పళ్ళింకా ఉన్నాయి. అటునుంచి చూస్తే కాస్త వయసు తగ్గి కనిపిస్తాను. మీ అమ్మమ్మ దీన్ని సోకు అంటుంది. సోకేమిటి, ఇంటికొచ్చినవాళ్ళ మీద జాలి! మనలో మంచి వైపు వాళ్ళకి చూపించాలనుకోవడం మర్యాదే కదా. సరేగానీ, నీ కుక్కేదీ? గేటు దగ్గరుందా? కట్టేశావా, ఊరికే వదిలేశావా? ఆహా... "మావాడు ఎవర్నీ ఏమీ అనడు." ఏదీ, ఇంకోసారి అను. అదే మాటరా, అదే గొంతు! మీసం ఒక్కటే తక్కువ. మా రొట్టెల మావయ్య లేచొచ్చాడనుకున్నాను. నీకెలా తెలుస్తాడులే, మీ అమ్మ పుట్టకముందు సంగతి ఇది. మా అమ్మకి తమ్ముడు. బేకరీ ఉండేది. దానికి ఎదురుగా నా దర్జీ కొట్టు. నాకు ఎవరూ నేర్పలేదు, నా అంతట నేనే నేర్చుకున్నాను. అందుకే మొదట్లో నేను కుట్టిన ప్యాంట్లలో రెండు కాళ్ళూ ఒకదానితో ఒకటి పోట్లాడినట్టుండేవి. ఆ ప్యాంట్లు వేసుకుని తిరిగింది ఎవరనుకున్నావు, మావయ్యే. "పొట్ట అడ్డమొచ్చి నాకు కాళ్ళు కనపడవులేరా" అనేవాడు.

మావయ్యకి పిల్లల్లేరు. ఓ కుక్క ఉండేది. దాని పేరు పెద్దమనిషి. నవ్వకు, నిజంగా అదే పేరు. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి గడ్డం, నీకు అప్పిచ్చినవాడిలా నిదానంగా చూసేది. పొద్దున్నే బట్టీలోంచి మొదటి రొట్టె తీయగానే దానికో ముక్క. ఆ తర్వాతే అత్తయ్యకి. అత్తయ్య ఊరుకునేదా? "ఆ కుక్క మెళ్ళోనే కట్టాల్సింది తాళి, పొరపాటున నాకు కట్టారు" అనేది. పిల్లలెవరైనా జడిసి పక్కకి తప్పుకుంటే మావయ్య పిండి చేతులు ఊపుతూ, "భయపడకండి, మావాడు ఎవర్నీ ఏమీ అనడు!" అని అరిచేవాడు. దొడ్డి గేటుకి గొళ్ళెం ఉంది. వేసేవాడు కాదు. వాడు బాధపడతాడట! గొళ్ళెం వేస్తే వాణ్ణి అనుమానించినట్టుంటుందట.

ఇక గుర్రం సంగతి. అప్పట్లో మాకు పాలు గుర్రబ్బండి మీద వచ్చేవి. పాలాయనకి ఓ ముసలి ఆడగుర్రం, బూడిదరంగు, కళ్ళకి అటూ ఇటూ తోలుపట్టీలు. పక్కన ఏముందో దానికి కనపడదు, ముందున్న దారే కనిపిస్తుంది. నేను చెబుతున్నాను కదా, ఆ గుర్రం తెలివి నాకుంటే ప్యాంట్లు కుట్టుకునేవాణ్ణే కాదు. పాలాయన బండెక్కి కళ్ళు మూసుకునేవాడు. గుర్రం తనంతట తనే నడిచి, పాలు కావాల్సిన ఇంటి ముందు ఆగి, గిట్టతో నేల మీద ఒక్కటి తట్టేది. ఆయన దిగి పోసి వచ్చి మళ్ళీ కళ్ళు మూసుకునేవాడు. ఇల్లాలు పుట్టింటికెళ్ళి ఓ నెల పాలు మానేసిన ఇల్లుంటే దాన్ని కూడా గుర్తుపెట్టుకుని ఆగకుండా పోయేది. ఎవరు చెప్పేవారో దానికి! ఆడవాళ్ళు అరుగుల మీద మాట్లాడుకునేవి వినేదేమో అనుకునేవాళ్ళం.

ఒకరోజు తెల్లారగట్ట మా వీధి మలుపులో ఆ గుర్రాన్ని కుక్క కరిచింది. వెనక తొడ మీద, ఇంత మేర చీరేసింది. పట్టీలున్నాయి కదా, పాపం, దానికి వచ్చిందేమిటో కూడా కనపడలేదు. బండిని స్తంభానికి గుద్ది, క్యాన్లన్నీ దొర్లించి, ఇంటికి పరిగెత్తింది. పాలాయన కిందపడి లేచేసరికి కుక్క లేదు, గుర్రం లేదు, వీధంతా పాలు. జనం పోగయ్యారు. "ఊరకుక్కలండీ, ఎక్కువైపోయాయి" అని ఒకరు. "పట్టుకెళ్ళేవాళ్ళకి కబురు పెట్టాలండీ" అని ఇంకొకరు. నేనూ అన్నాను, మెడలో టేపుతో, ఎంతో బాధ్యతగా: "ఇది ఇలా వదిలేస్తే లాభం లేదు." అలా అనడానికి ఏ ఖర్చూ లేదు కదా. మావయ్య ఆ గుంపులో లేడు. దొడ్లో ఉన్నాడు. పెద్దమనిషి నోరు తన చేత్తో తెరిచి లోపల చూస్తున్నాడు. పళ్ళ మధ్య బూడిదరంగు వెంట్రుకలు. నేను వెళ్ళి చూశాను. అత్తయ్య చూసింది. అంతే, ఇంకెవరికీ తెలీదు. అత్తయ్య నా మొహం చూసింది, నేను గోడ చూశాను. మావయ్య లేచి చేతులు కడుక్కుని, "చొక్కా తేవే" అన్నాడు.

నేనూ వెంట వెళ్ళాను. దారంతా లోపల్లోపల మాటలు కూర్చుకుంటున్నాను, ముందు గుర్రం ఎలా ఉందని అడగాలి, తర్వాత ఊరకుక్కల బెడద గురించి కాసేపు, ఆ పైన మెల్లగా... పాలాయన తలుపు తీశాడు. మోచేతికి కట్టు. "రండి, కూర్చోండి" అన్నాడో లేదో, గుమ్మం బయటే నిలబడి మావయ్య, "కరిచింది మా కుక్క. గేటు వేయనిది నేను" అన్నాడు. అంతే! పాలాయన మోచేతి కట్టు సర్దుకున్నాడు. తర్వాత ఆయన అన్నది అరుపు కూడా కాదురా, అరిచినా బాగుండేది. "నా గుర్రం మళ్ళీ మీ వీధిలోకి తనంతట తాను నడిచొచ్చిందనుకో, నీ కుక్క బతుకుతుంది. వానలు పడే లోపల రాలేదనుకో, ఆ కుక్కని నువ్వే నీ చేత్తో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయించాలి. మనుషుల్ని పంపకూడదు. నువ్వే వెళ్ళాలి." మావయ్య తల ఊపాడు. "సరే. గుర్రం నిలబడేదాకా పాలు నేను మోస్తాను" అన్నాడు.

పశువుల డాక్టరు వచ్చి కుట్లు వేశాడు. నేను పక్కనుండి చూశాను. దూరం దూరంగా, వంకరగా వేశాడు. "కాస్త దగ్గరగా వేయండి, విచ్చుకుంటుంది" అన్నాను. ఆయన కళ్ళద్దాల మీంచి నా ప్యాంటు కేసి చూసి, తన కుట్టు తాను వేసుకున్నాడు. సరే, మర్నాటినుంచి మావయ్య రొట్టెల తోపుడుబండి మీద పాల క్యాన్లు. మావయ్య తోస్తాడు, పాలాయన పక్కన నడుస్తాడు. మొదటి వీధిలోకి వెళ్ళగానే మావయ్య అడిగాడు: "ఏ ఇల్లు?" పాలాయన అటు చూశాడు, ఇటు చూశాడు. తెలీదు! ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకునే తిరిగాడు కదా, ఇళ్ళన్నీ గుర్రానికి తెలుసుగానీ ఆయనకేం తెలుసు. "ఇదేనేమో" అంటాడు. తలుపు కొడితే, "మేం గేదెల్ని పెట్టుకున్నామయ్యా, మాకు పాలెందుకు" అంటారు. "అయితే పక్కదేమో." ఇద్దరూ ఊరంతా తప్పిపోయినవాళ్ళలా తిరిగేవారు. పాలు రానివాళ్ళు గిన్నె పట్టుకుని వెనకాల పరిగెత్తేవారు. కోపంగా మొదలైన మనిషి కదా పాలాయన, ఆ తిరుగుడులో ఎక్కడో ఓ రోజు తలుపు తీసినామె, "ఇది మూడోసారి, మాకు వద్దంటే అర్థం కాదా!" అనేసరికి ఇద్దరికీ నవ్వొచ్చేసింది. అరుగు మీద కూర్చుని పొట్టలు పట్టుకుని నవ్వారట. అయినా కుక్క సంగతి మాత్రం ఆయన మర్చిపోలేదు. లేచి, "వానలు దగ్గరకొస్తున్నాయి" అన్నాడట.

ఈలోగా నేను ఊరుకున్నానా? కుక్క మూతికి చిక్కం కుట్టాను. కోట్లకి వాడే గుడ్డ, లోపల మెత్తటి అస్తరు, ముందు వరసగా బొత్తాలు. చూడ్డానికి ఎంత బాగుందంటే, పెళ్ళికి తొడిగి పంపొచ్చు. పెద్దమనిషి ముంగాలితో ఒక్క గీకుడు గీకాడు. బొత్తాలన్నీ టపటపా ఊడాయి. "నీ చేతి బొత్తాలు మనుషులకే నిలవవురా" అని మావయ్య తోలుపట్టీ కొనుక్కొచ్చాడు. గేటుకి గొళ్ళెం, గొళ్ళేనికి తాళం. కుక్కకి తాడు కట్టి ఆ తాడు రెండో కొస తన నడుముకి కట్టుకుని పిండి పిసికేవాడు. కుక్క ఎటు లాగితే అటు ఊగుతూ పిసికేవాడు. గుర్రం గాయం మానింది. బండికి కట్టారు. అన్ని వీధులూ తిరిగింది, అన్ని ఇళ్ళ ముందూ ఆగింది. మా వీధి మలుపు దగ్గరికొచ్చేసరికి నాలుగు కాళ్ళూ నేలలో పాతేసినట్టు నిలబడిపోయింది. ఒళ్ళంతా వణుకు. వెనక్కి తిప్పుకుపోయారు.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఇప్పటికీ అది మంచి ఆలోచనేనంటాను. పాపం గుర్రానికి పక్కకి కనపడదు కాబట్టి కదా భయం? కుక్క మెడలో గంట కడితే, అదెక్కడుందో చెవులకి తెలుస్తుంది. దూరంగా, దొడ్లో, కట్టేసి ఉందని తెలిస్తే నిమ్మళంగా నడుస్తుంది. అందరూ భేష్ అన్నారు. కట్టాం. గుర్రం వచ్చింది, మలుపులో ఆగింది, చెవులు నిక్కించింది. దొడ్లో గంట గణగణమంది. గుర్రం ఏం తెలుసుకుందో తెలుసా? గంట అంటే కుక్క అని తెలుసుకుంది! ఇంకేముంది. అంతకుముందు ఒక్క మా వీధంటేనే భయం, ఇప్పుడు ఊళ్ళో ఎక్కడ గంట మోగినా పరుగే. బడి గంట మోగితే పరుగు. సైకిలు గంట మోగితే పరుగు. పోస్టాయన ట్రింగుమనిపించాడు, పాలన్నీ కాలవలో. మావయ్య మళ్ళీ చొక్కా వేసుకుని ఇంటింటికీ తిరిగాడు. "కొన్నాళ్ళు సైకిలు గంట కొట్టకండి బాబూ, తప్పు మాది." దాంతో జనం సైకిలెక్కి నోటితో "తప్పుకోండోయ్, తప్పుకోండి" అని అరుచుకుంటూ పోయేవారు. ఊరంతా నా మొహం చూసి నవ్వడం. నేను కొట్టు తలుపు ఓరగా వేసుకుని కుట్టుకునేవాణ్ణి.

మబ్బులు పట్టడం మొదలైంది. ఓ మధ్యాహ్నం మావయ్య కుక్క మెడలో గంట విప్పాడు. విప్పి, తన నడుముకి కట్టుకున్నాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఇంకా ఏం చూడాలో నేను" అంది. ఇంత పొట్ట, దాని కింద గంట, నడుస్తుంటే గణగణ. సంచీలో రొట్టె అంచులు పోసుకుని పాలాయన ఇంటికి వెళ్ళాడు. కొట్టంలో గుర్రం గంట విని గోడకి అంటుకుపోయింది. మావయ్య దూరంగా రొట్టె పెట్టి వచ్చేశాడు. మర్నాడూ అంతే. రోజూ అంతే. వీధిలో పిల్లలు "గంటల మావయ్యా" అని వెంటపడేవారు. ఈయన ఆగి, నడుము తిప్పి మోగించి మరీ చూపించేవాడు. సిగ్గు లేదా మావయ్యా అన్నాను. "గంట వింటే దానికి కరిచిందే గుర్తొస్తోందిరా. ఆ గంట వాడి మెడలో ఉన్నంతకాలం కరిచేదే. నా దగ్గరుంటే రొట్టె పెట్టేది అవుతుందేమో చూద్దాం" అన్నాడు. ఓ రోజు గుర్రం గోడ దగ్గరనుంచి ఒక అడుగు ముందుకేసిందట. ఆ సాయంత్రం మావయ్య రొట్టెలన్నీ మాడ్చేశాడు, ఆనందంలో.

మొదటి చినుకులు పడ్డ పొద్దున. నేను కొట్టు తెరుస్తున్నాను. మలుపులో బండి ఆగింది. పాలాయన కళ్ళు మూసుకోలేదు ఆ రోజు. కళ్ళెం వదిలేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తనంతట తాను అన్నాడు కదా, మాట మీద నిలబడ్డాడు. మావయ్య బేకరీ మెట్టు మీద. నడుముకి అటు గంట, ఇటు తాడు, తాడు కొసన మూతికి పట్టీతో పెద్దమనిషి. దాచలేదు కుక్కని. "కుక్క ఉందని చూసి కూడా గుర్రం రావాలి" అన్నాడు. అత్తయ్య లోపల కళ్ళు మూసుకుని నిలబడింది, అంత తిట్టే మనిషి. మావయ్య నడుము కదిపాడు. గణగణ. గుర్రం చెవులు కదిలాయి. చినుకులు పడుతున్నాయి. ఒక అడుగు. ఆగింది. మళ్ళీ ఒకటి. కుక్క కూర్చునే ఉంది, మావయ్య కాలు దాని వీపు మీద. గుర్రం అలా అలా వచ్చి, బేకరీ ముందు ఆగి, గిట్టతో నేల మీద ఒక్కటి తట్టింది. మావయ్య రొట్టె ఇచ్చాడు. పాలాయన కిందికి దిగి అత్తయ్య గిన్నెలో పాలు పోసి, "రేపటినుంచి కాస్త పెద్ద గిన్నె పెట్టమ్మా, కుక్కకి కూడా పోస్తాను" అన్నాడు. అత్తయ్య ఏడ్చిందో, పొయ్యి పొగో, మరి నాకు తెలీదు.

అయితే ఒక చిక్కొచ్చిపడింది. గంటంటే రొట్టె అని గుర్రానికి స్థిరపడిపోయింది. జనం మళ్ళీ సైకిలు గంటలు కొట్టడం మొదలుపెట్టగానే ప్రతి సైకిలు దగ్గరా ఆగేది. పోస్టాయన సంచీలో తల దూర్చేసేది. పాలు మధ్యాహ్నానికి వచ్చేవి మాకు. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమనిషి ఇంకా చాన్నాళ్ళు బతికాడు, ఎప్పుడూ తాడు కొసనే. మావయ్య ఇంకెన్నడూ "మావాడు ఎవర్నీ ఏమీ అనడు" అన్నది లేదు. ఎవరైనా దగ్గరికొస్తే, "కరుస్తాడు, నేను పట్టుకున్నాను, రండి" అనేవాడు. అలా అంటే జనం ఇంకా ధైర్యంగా వచ్చేవారు, చిత్రం. నిద్రలోనే పోయాడు మావయ్య, మంచి వయసు వచ్చాకే. పాలాయన వచ్చి దహనం అయ్యేదాకా ఉన్నాడు.

బతికున్నప్పుడు ఓసారి అడిగాను మావయ్యని, ఆ రోజు గుమ్మంలోనే అంత ఠకీమని ఎలా చెప్పేశావు మావయ్యా అని. "లోపలికి వెళ్ళి కూర్చుంటే నీళ్ళిస్తారు, టీ ఇస్తారు. తాగాక నోరు రాదురా. నిలబడే చెప్పేయాలి" అన్నాడు. ఎంత తేలికో చూడు. నేనూ ప్రయత్నిస్తూనే ఉన్నాను. మొన్న మన మావిడికొమ్మ కొట్టిస్తుంటే అది పడి పక్కింటివాళ్ళ పూలకుండీ పగిలింది, వాళ్ళు చూడలేదు. చెబుదామని చొక్కా మార్చుకుని వెళ్ళాను. టీ ఇచ్చారు. వాళ్ళబ్బాయి ఉద్యోగం గురించి మాట్లాడాను, ఎండల గురించి మాట్లాడాను, బిస్కెట్లు కూడా తిని వచ్చేశాను. కుండీ సంగతి చెప్పలేదు. నిలబడి చెప్పడం నాకింకా రాలేదురా.