చుక్క ఆగిన చోటు

ముందుగదిలో లెక్కల మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. భార్య కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతోంది.

"ఇలా చూడు. ఈ మూడు చుక్కలూ మన సందులో మూడిళ్లు. ఎర్రచుక్క చెత్తతొట్టి. దీన్ని మౌస్‌తో లాగుతుంటే, మూడిళ్ల నుంచి తొట్టి దాకా నడిచే దూరాల మొత్తం పక్కన మారుతుంటుంది. ఎక్కడ తక్కువొస్తే అక్కడే తొట్టి."

"అందరూ ఒప్పుకున్నారా?"

"కంప్యూటర్‌కి మనవాళ్లూ పరాయివాళ్లూ ఉండరని చెప్పాను. ఎవరూ నోరెత్తలేదు."

"మరి ఎక్కడొచ్చింది?"

"మన గుమ్మంలో."

"అదేంటండీ?"

"మూడు చుక్కల్నీ గీతలతో కలిపితే మనింటి దగ్గర కోణం మరీ వెడల్పు. నూట ఇరవై డిగ్రీలు దాటితే అంతే, చుక్క వచ్చి ఆ మూలకే అతుక్కుంటుంది."

"సరే, ఏం చేస్తాం. మూతున్న తొట్టి పెట్టించండి."

"అప్పుడే అయిపోలేదే పిచ్చిదానా. మనింటి చుక్కని కాస్త అవతలికి లాగాను. ఇప్పుడు చూడు."

"పక్కింటి టైలరమ్మ గుమ్మంలో పడింది."

"పడిందా!"

"మనిల్లు లేచి నడిచిందా ఏంటి?"

"తెరమీదే కదా. టేపు పట్టుకుని ఎవడు కొలుస్తాడు?"

"ఆవిడ ఒళ్లో నెల నిండని పసిగుడ్డు. మాస్టారి లెక్కైతే నాకు నమ్మకమని పొద్దున కూడా అనెళ్లింది."

"అక్కడ పెట్టమని నేనన్నానా? కంప్యూటర్ అంది."

"ఛీ! ఒకటే కంపు."

"కిటికీ వేసెయ్ మరి."

"వేసే ఉందండీ."