పాంచితను పిలిచిన గొంతు

హలో… ఆ, నేనే… నేనే అక్కా, జోయిలాని. అమ్మ కాదు… నీకెప్పుడూ ఇదే కదా, మా ఇద్దరి గొంతూ ఒకేలా ఉంటుందంటావు. సరే, కొంచెం గట్టిగా మాట్లాడు. ఫోను భుజానికి ఆనించుకున్నాను, చేతులు ఖాళీ లేవు…

వానపాములు కడుగుతున్నాను… రేపు పొద్దుటికి. మట్టి పోయేదాకా కడిగి, పెద్దవి రెండు ముక్కలు చేయాలి. లేకపోతే మన పిట్ట పాంచిత ముట్టదు… అబ్బో, అసహ్యమా? నువ్వు కూడా ఈ కొండ మీద పుట్టిన దానివే, మిరెయా అక్కా. కీటో పట్నంలో కెమెరాల కొట్లో పనికి చేరగానే ముక్కు మూసుకోవడం వచ్చేసిందా?

…అమ్మ ఇక్కడే ఉంది. పొయ్యి పక్కన కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది… లేదు, నువ్వు పంపిన కోటు పెట్టెలోనే ఉంది. నేను అల్లిన ఊదా స్వెట్టరే వేసుకుంటుంది, ఉతుకుతానన్నా ఇవ్వదు… నీకు చెప్పలేదూ? ఊదా ఊలు అయిపోయి, ఒక చేతి చివర పచ్చది కలిపాను. రామచిలుకను పట్టుకుని లోపల దాచినట్టుంటుంది. అదే కావాలి ఆవిడకి.

సరే, అవన్నీ తర్వాత. కెమెరా సంగతి చెప్పు. చూశావా?

…ఊఁ… ఊఁ… జేబులో పట్టేది. అదే కావాలి. పెద్దది మెడలో వేసుకుని వాగు గట్టు ఎక్కితే, అటు నుంచి సెగుండో మామయ్యకు నేను కనపడనూ?

…ముప్పై రెట్లు దగ్గరికి చూపిస్తుందా? మరి ఆ రెండోది?… అరవై! అయితే అదే… ఎందుకు వద్దు?… ఓహో. అంత పెద్దదా. జేబులో పట్టదు. సరే…

…చీకట్లోనా? అవును, పొద్దున్నే. ఆ వేళకు చెట్ల కింద ఇంకా చీకటిగానే ఉంటుంది, మంచు కూడా… ఎంత దూరం లాగితే అంత వెలుతురు తగ్గుతుందా? ఫొటో అలుక్కుపోతుందా?… చెయ్యి వణికితే కూడా. నా చెయ్యి వణకదులే. ఒక వానాకాలమంతా అరచేతిలో పురుగు పెట్టుకుని కదలకుండా కూర్చున్న చెయ్యి ఇది.

…ఆ, చెట్టు మొద్దుకు ఆనించుకుంటాను. కన్ను పెట్టి చూసే కిటికీ ఉందా దానికి?… చిన్నదైనా చాలు. తెర వెలిగితే నా మొహం కూడా వెలుగుతుంది, వాడు చూసేస్తాడు… చప్పుడు ఆపేయొచ్చా?… ఫ్లాష్?… అసలు ఎప్పుడూ రాకుండా చేసి పంపు. నాకు మీటలు నొక్కడం రాదు, అన్నీ నువ్వే సరిచేసి పంపు.

…వీడియో కూడా తీస్తుందా? మాట వినిపించేలా? అక్కా, అయితే నాకు కావాల్సింది అదే.

…ఎందుకంటావేంటి? నీకు చెప్పాను కదా… సగమే చెప్పానా? సరే, విను.

పాంచిత నీకు తెలుసు. తోక లేకుండా, గుడ్డులా గుండ్రంగా, పొడుగు కాళ్ళతో నేల మీద గెంతే పిట్ట. ఎవరికీ కనపడదు, కూత మాత్రం వినిపిస్తుంది. దాన్ని చూడాలని ఎక్కడెక్కడి దేశాల నుంచో వస్తారు. దాన్ని మచ్చిక చేసింది ఎవరు?… నేను. నేనే. వానలో, జలగల్లో, రోజూ ఒకే చోట కూర్చుని, ఒకే మాట పిలిచి. "దా, పాంచీ, దా." అమ్మ కూడా కొన్నాళ్ళు నా పక్కన కూర్చుంది, నాకు జ్వరంగా ఉన్నప్పుడు.

మామయ్య అప్పుడేమన్నాడో తెలుసా? కొట్టు దగ్గర, అందరి ముందూ. "మా జోయిలాకి మొగుడు దొరక్క పిట్టను పిలుచుకుంటోంది" అన్నాడు. అందరూ నవ్వారు. పాల బండి వాడు కూడా నవ్వాడు. నేను ఉప్పు కొనుక్కుని వచ్చేశాను. ఒక్క మాట అనలేదు… నేనెప్పుడూ అనను, తెలుసుగా. నేను గుర్తు పెట్టుకుంటాను.

…ఇప్పుడా? ఇప్పుడు ఆ పెద్దమనిషే వాగు అవతల తన చెట్ల కింద పలకలు కొట్టి, బెంచీలు వేసి, అతిథుల్ని కూర్చోబెడుతున్నాడు. డబ్బు తీసుకుని పిట్టను చూపిస్తున్నాడు. ఏ పిట్ట?

…పాంచితే. ఇంకెవరు? ఈ మధ్య నా దగ్గరికి వస్తే వస్తోంది, లేకపోతే లేదు. వచ్చినా కడుపు నిండిన దానిలా అటు ఇటు చూసి పోతుంది. పోయిన వారం నా దగ్గరికి నలుగురు వచ్చి కూర్చున్నారు, తడిసి, ఖాళీగా వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకాయన ముందురోజు మామయ్య దగ్గరికి వెళ్ళొచ్చాడట. ఏమన్నాడో తెలుసా? "అక్కడ కూడా ఇలాగే ఒక ఆడగొంతు పిలిచింది, పిట్ట వచ్చేసింది. పిలిచిన మనిషి మాత్రం కనపడలేదు" అన్నాడు.

…ఆ. అర్థమైందా? నా గొంతు. ఎక్కడో దాక్కుని నా గొంతు పట్టుకుపోయాడు. పాటల పెట్టెలో ఎక్కించి, పొదల్లో పెట్టి వినిపిస్తున్నాడు. పిట్టల్ని చూపించే మా సంఘంలో అది తప్పక్కా. పెట్టెలో కూత పెట్టి పిట్టను పిలవకూడదు, పిట్ట మతి పోతుంది. ఎవరు చేసినా పేరు తీసేస్తారు. చేతులెత్తి ఒప్పుకున్న మాట అది, మామయ్య కూడా ఎత్తాడు.

…అడిగితే ఒప్పుకుంటాడా? "నీ పిట్టా? దాని మెడలో నీ పేరుందా?" అన్నాడు. నవ్వాడు మళ్ళీ. అదే నవ్వు.

అందుకే కెమెరా. ఇవతల గట్టు మీద పడుకుని, ఆ పెట్టె, వాడి చెయ్యి, పిట్ట, మూడూ ఒకే చోట కనపడేలా తీస్తాను. ఆదివారం ప్రార్థన అయ్యాక సంఘం కూర్చుంటుంది. బొమ్మలు వేసి చూడటానికి తెల్ల గుడ్డ కడతారు. దాని మీద వేస్తాను. ఇంత పెద్దగా. కొట్టు దగ్గర నవ్విన ప్రతివాడూ చూడాలి. తర్వాత రోడ్డు మీద సంఘం బోర్డు మీంచి వాడి పేరు చెరిపేయాలి. సున్నం నేనే కలుపుతాను. చిక్కగా కలుపుతాను.

…జాలి ఎందుకక్కా?… ఒల్గా అత్తకి బాగోలేదా? తెలుసు, మంచం మీదే ఉంది. అయితే? అత్త మంచం మీద ఉంటే నా పిట్టను దొంగిలించాలా?… అమ్మ కూడా ఇదే అంది. "వాళ్ళ అతిథుల్ని కూడా మన దగ్గరికి తీసుకురానీ, వాడికీ నాలుగు ముద్దలు దొరుకుతాయి" అంది. వాడి నీడ కూడా నా పిట్ట మీద పడటానికి వీల్లేదన్నాను. మళ్ళీ అడగలేదు… తమ్ముడు కదా, తనే ఎత్తుకుని పెంచింది. నీకూ మామయ్యే. మీరంతా జాలిపడండి, నాకు మాత్రం కెమెరా పంపండి.

…ఏంటి? అమ్మ వింటోందా అంటావా? వింటే విననీ. ఆవిడకి తెలియనిది ఏముంది. చిక్కుళ్ళు ఒలుస్తోందిలే, తల కూడా ఎత్తలేదు.

…ఊఁ? ఎవరు? మీ కొట్టుకా?… ఆ కెమెరానే కొన్నాడా ఆయన?… మామయ్య దగ్గరికి వెళ్ళొచ్చాడా! అక్కా, ఇంతసేపూ చెప్పవేం?… కెమెరా కార్డు తెచ్చి ఫొటోలు అచ్చు వేయించుకున్నాడు… అది నీ ఊరేనని చెబితే ఒకటి ఇచ్చాడు. మంచివాడు. పంపు. ఇప్పుడే పంపు. పొద్దున వెలుతురులో ఆ కెమెరా ఎలా తీస్తుందో చూస్తే నాకూ ధైర్యంగా ఉంటుంది.

…ఆగు, చేతులు తుడుచుకోనీ… డబ్బా మీద మూత పెట్టాలి. ఈమధ్య పురుగులు కూడా తగ్గిపోతున్నాయి, ఎలకలో ఏమో… ఆ, స్పీకర్లో పెడుతున్నాను, లేకపోతే ఫొటో చూడలేను… వినపడుతోందా?… మాట్లాడు, అమ్మ కూడా వింటోంది. అమ్మా, మిరెయా అక్క పలకరిస్తోంది… తల ఊపిందక్కా.

వచ్చింది. వస్తోంది… మెల్లగా వస్తోంది, మా దగ్గర సిగ్నల్ నీకు తెలుసుగా…

…అమ్మో. అక్కా… ఎంత దగ్గరగా ఉందే. బెంచీ నుంచి తీశాడా ఇది? ఒళ్ళంతా మంచు బొట్లు… కంట్లో చెట్టు కూడా కనపడుతోంది. బాగుంది. ముప్పై రెట్లే చాలు…

ఆ. చూశావా, ఎడమ కాలు? నడిమి వేలు వంకర. పిల్లప్పుడే విరిగి అలా అతుక్కుంది. పాంచితే. నా పాంచితే. ఇప్పుడు చెప్పమను, మెడలో పేరు లేదని. కాలికి ఉందిరా దొంగా.

…ఊఁ? పక్కనా? ఏ పక్క?… ఎడమ అంచున… ఆకులే కదా… చెయ్యా? ఉంది. అరటాకు ముక్క మీద పురుగులు పెడుతున్న చెయ్యి. వాడిదే. పెట్టె కూడా ఎక్కడో ఉండాలి. ఆగు, పెద్దది చేస్తున్నాను…

…లేదు, పెట్టె లేదు.

…పురుగులు కోసి ఉన్నాయక్కా. రెండేసి ముక్కలుగా. మట్టి లేకుండా, కడిగి…

…చెయ్యి…

…ఆ. ఉన్నాను.

…అక్కా, ఊలు పోగులు కూడా కనపడుతున్నాయి. ఒక్కొక్కటీ… ఊదా. చివర పచ్చ.

…ఇందాక నేను స్వెట్టర్ సంగతి చెప్పినప్పుడే నీకు తెలిసిందా? అందుకా, అమ్మ వింటోందా అని అడిగావు?…

…సరే. సరేలే. నువ్వు పంపక తప్పలేదు. నేనే కదా అడిగాను.

అమ్మా.

అమ్మా, ఇటు చూడు… పొద్దున్నే పాలు రోడ్డు మీద పెట్టి వస్తానని వెళ్ళేదానివి. బండి వచ్చి పోయినా నువ్వు వచ్చేదానివి కాదు. మోకాళ్ళు నొప్పి, మెల్లగా నడిచానన్నావు… మోకాళ్ళ నొప్పితో వాగు దాటావా?

…అక్కా, చూస్తోంది. నన్నే చూస్తోంది.

నా పురుగులేనా, అమ్మా? రోజూ సాయంత్రం నేను కూర్చుని కడిగినవేనా? ఎలకలనుకుని నేను డబ్బాకి రాయి కూడా పెట్టాను… ఆ రాయి నువ్వే తీసి మళ్ళీ పెట్టేదానివి.

పొదల్లో దాక్కుని నా గొంతుతో పిలిచావు… వాడి కోసం. నా మీద అందరూ నవ్విన రోజు నువ్వు కూడా అక్కడే ఉన్నావు కదమ్మా. నువ్వే నా ఉప్పు సంచి పట్టుకున్నావు.

…లేదక్కా, అరవడం లేదు. నేను అరవనని తెలుసుగా… చెప్పనీ నన్ను.

ఆదివారం ఆ గుడ్డ మీద ఏం వేయమంటావు, అమ్మా? చెప్పు. చేతిని వేయనా? ఊదా చెయ్యి, పచ్చ అంచు. నేను అల్లిందే అని ఊరంతా గుర్తుపడుతుంది. పెట్టె పెట్టలేదు కదా, తప్పు లేదంటారు సంఘం వాళ్ళు. మామయ్య నవ్వుతాడు. మళ్ళీ నవ్వుతాడు. ఈసారి నిజంగా నవ్వాల్సిన సంగతే ఉంది…

…లేచిందక్కా.

…చిక్కుళ్ళ గిన్నె గూట్లో పెట్టింది. తొక్కలు పొయ్యిలో వేసింది… స్వెట్టర్ విప్పుతోంది.

అమ్మా, అది నేను అడగలేదు. వేసుకో.

…మడిచింది. నా ముందు, పురుగుల డబ్బా పక్కన పెట్టింది. పచ్చ చెయ్యి పైకి వచ్చేలా మడిచింది… బూట్లు వేసుకుంటోంది. కుడిది ఎడమ కాలికి… మళ్ళీ తీసి వేసుకుంది.

…ఏమో అక్కా. ఎటో తెలియదు. అమ్మా, బయట చినుకులు, మంచు దిగింది. ఎటు? అత్త దగ్గరికా?… అడుగుతున్నాను కదా. అమ్మా.

…వెళ్ళిపోయింది.

…తలుపు కూడా వేయలేదు… కనపడటం లేదు, మంచులో కలిసిపోయింది. బూట్ల చప్పుడు వినపడుతోంది… వాగు వైపే.

…ఊఁ?… కెమెరానా?… పక్కన పెట్టావా నా కోసం?

…ఎవరికైనా ఇచ్చెయ్యి అక్కా. చూడాల్సింది చూశాను.

…తెలియదు. రేపు పొద్దున పిలుస్తానో లేదో తెలియదు. పిలిస్తే ఎవరి గొంతనుకుని వస్తుందది?

…వెళ్ళాలా నేను, వెనకాలే?… స్వెట్టర్ తీసుకుని?…

ఉంటానక్కా. ఫోను తడిసిపోతుంది.