గెలిచేది రష్యా ఆయనే

1963 ఎండాకాలం. నారాయణపేటలోని మా ఇంట్లో, మగ్గాల నడుమ చదరంగం పరుచుకుని నేసే మా ఆయనా, మా తమ్ముడూ గుసగుసలాడుతున్నారు. గోడకు ఇవతల నేను కండెలకు నూలు చుడుతున్నాను.

“బావా, అక్కకని నేసే చీరల గా ఎర్ర గడి ఒక్కటే రెండింతలు పొడుగైంది, ఏంది?”

“నువ్వు నా మంత్రిని చంపితివి గదరా! రాజును ఎట్ల కాపాడాల్నని సోంచాయించుకుంట, నేసుకుంటనే పోయిన.”

“మరి అక్కకు ఎవరు చెప్పాలె?”

“పందెం కడదం. రష్యాల చదరంగం ప్రపంచ పోటీ నడుస్తాంది గద. ఎవని జోస్యం తప్పితే వాడు పోయి చెప్పాలె.”

“సరే, ముందుగాల నువ్వు చెప్పు.”

“రష్యా ఆయన గెలుస్తడు. ఇగ మాట మార్చద్దు.”

“మార్చ. రష్యా ఆయన ఓడిపోతడని నేనంటున్న.”

మా ఆయన మగ్గం చప్పుడు ఆగిపోయింది.

“నువ్వు గూడ పేపర్ చదివినవా రా?”

“చదివిన బావా. ఆడేటోళ్లు ఇద్దరూ రష్యావాళ్లే గద!”

“అంటే నా జోస్యమూ తప్పదు, నీ జోస్యమూ తప్పదు.”

“ఇద్దరం గెలిచినట్టే. ఇగ అక్కకు చెప్పేటోడే లేడు.”

“జర మెల్లగ నవ్వు, ఇనపడ్తది.”

నేను కండె కింద పెట్టి గుమ్మం దగ్గరికి వెళ్లాను.

“గెలిచినోళ్లిద్దరూ గా చీర పట్టుకొని ఇటు రాండ్రి. ఓడినదాన్ని ఈడ నిలబడ్డ.”