పేర్లు పిలిచే నడిపయ్య

ఆర్మూర్, 1961. పసుపు మండి వెనుక గల్లీ. పొద్దున్నే నడిపయ్యను మట్టిచేసి వచ్చారు. ఇంట్లో ఆయన భార్య ఆశమ్మ, తమ్ముడు లచ్చన్న.

“గడపకు అడ్డం నిలవడకు, జరుగు వదినా.”

“జరగ.”

“జరుగుమంటున్న!”

“గొడ్డలి కింద పెట్టు. జరుగుత.”

“అన్నను మండి నడుమ గొడ్డును బాదినట్టు బాదిండ్రు. పొద్దుగాలనే మట్టిల పెట్టి వస్తిమి. నన్ను గొడ్డలి కింద పెట్టమంటవా? నీ ఒంట్లె నెత్తురున్నదా లేదా?”

“ఉన్నది. నీకంటె ఎక్కువనే ఉన్నది. కూసో.”

“అన్నను సంపిన ఆ భూమేశ్వర్ తలకాయ పగులగొట్టి వచ్చి కూసుంట.”

“రేపు తాసిల్ కచేరీల ముత్తవ్వ భూమి పేషీ ఉన్నది. మీ అన్న చెప్పాల్సిన సాక్ష్యం నువ్వు చెప్పాలె.”

“నేనా? ముత్తవ్వ మనకేమైతది? ఆమె ముత్తాత, మన ముత్తాత ఒక్క ఫౌజుల తోపులు కాల్చిండ్రట. గంతే గద సుట్టరికం! గా భూమిల మనకు అరగుంట గూడ లేదు. దాని కోసం అన్న పానం ఇచ్చిండు.”

“లేదని నాకెరికె. ఆయనకు గూడ ఎరికె.”

“మరెందుకు తిరిగిండు? ఎవడన్న బొట్టు పెట్టి పిలిచిండా? బొలారం పోయె, ఔరంగబాదు పోయె. మన లెక్క తోపులు కాల్చిన పిరంగోళ్ల ఇల్లు ఎక్కడుంటె అక్కడ ముసలోళ్ల కాళ్ల కాడ కూసోని, మీ తాతెవరు, గాయన అయ్యెవరు అని అడుగుడు. మండిల అందరు నవ్విండ్రు. నడిపయ్య సచ్చినోళ్లకు సంబంధాలు చూస్తుండు అని.”

“నేను గూడ నవ్విన. మనోళ్లు పోర్చుగల్ దేశం కెళ్లి ఓడెక్కి వచ్చిండ్రే అంటె, గంత దూరం కెళ్లి వచ్చింది పసుపు మూటలు మొయ్యనీకేనా, మళ్ల ఓడెక్కి పోరాదు అన్న.”

“ఏమన్నడు?”

“ఓడ కిరాయి మీ అయ్యనడుగు అన్నడు.”

“నవ్వియ్యకు వదినా. నాకియ్యాల నవ్వు రావద్దు. నువ్వు ఆయన మొహం చూసినవా? నేను చూసిన. నేనే కడిగిన. పసుపు కొమ్ముల రాశిల మొహం గుచ్చి, మెడ మీద నిలవడి తొక్కిండ్రు. చెంపలల్ల కొమ్ములు దిగినయి. ఒక్కొక్కటి వేళ్లతోని పీకిన.”

“నాకు చెప్పకు.”

“వింటె నువ్వు అడ్డం జరుగుతవని చెప్తున్న! తరాజు కడ్డీతోని కొట్టిండు భూమేశ్వర్. పక్కటెముకలు ఇరుగుతుంటె సప్పుడు ఇనవడ్డదట. ఓ పక్క హర్రాజు నడుస్తనే ఉన్నది. ధర పాట పాడేటోడు పాడుతనే ఉన్నడు. గంత మందిల ఒక్కడు, అరే ఇడువుండ్రి అన్నోడు లేడు.”

“సంచి గూడ కాలబెట్టిండ్రట.”

“కాగితాలున్నయనుకున్నరు.”

“జొన్నరొట్టె ఉండె. ఉల్లిగడ్డ ఉండె. నేనే కట్టిచ్చిన. ఆయనకు రాసుడు యాడ వచ్చు లచ్చన్నా? అన్ని నోట్లెనే.”

“గందుకే నోరు తొక్కిండ్రు.”

“ఊఁ.”

“ఊఁ అంటవేంది? కండ్ల నీళ్లు రావా నీకు? మట్టి కాడికి గూడ రాకపోతివి. పాదిరి గారు అడిగిండు, ఆశమ్మ ఏదీ అని. నేనేం చెప్పాలె?”

“పని ఉండె.”

“పెనిమిటిని పూడుస్తుంటె పనా? ఏం పని?”

“ఉండె అన్న గద. నువ్వు నా మాట ఇను. రేపు భూమేశ్వర్ దిక్కోళ్లు కచేరీల నిలవడి ఏమంటరో ఎరికేనా? ఆ భూమి మానేలుది, ఆయన కొడుకులు గత్తర రోగంల పోయిండ్రు, ఆ వంశం ఆడనే ముగిసింది, భూమి మేము దున్నుతున్నం, మాదే అంటరు. కాదనేటోడు ఎవడు?”

“నువ్వే చెప్పు. నీకన్ని తెలుసు. రోజు పొయ్యి కాడ కూసోని నీకే చెప్పెటోడు.”

“నేను రాను రేపు.”

“ఎందుకు రావు?”

“రాను.”

“భయమా?”

“నాకా? లే. నువ్వే పోవాలె. నా ఎంట అను. పేద్రు.”

“వదినా, పొద్దు పోతున్నది, వాడు వేల్పూర్ దిక్కు పారిపోతె—”

“యాడికి పోడు. అను. పేద్రు, తోపు కాల్చేటోడు. ఆయన పెండ్లాం?”

“నాకేం తెలుసు!”

“వేల్పూర్ ఎల్లవ్వ. అనరా!”

“వేల్పూర్ ఎల్లవ్వ.”

“వాళ్ల కొడుకు మానేలు. మానేలు కొడుకులు?”

“గత్తరల పోయిండ్రు. నువ్వే అంటివి.”

“బిడ్డ?”

“బిడ్డను ఎవరు లెక్కవెడ్తరు?”

“గదే! భూమేశ్వర్ గూడ గదే తప్పు చేసిండు. ఊరంత గదే తప్పు. కొడుకులు పోతె ఇల్లు ఆరిందంటరు. మీ అన్న బిడ్డలను ఇడిచిపెట్టకపోయేది. బొంద కాడ మట్టేస్తుంటె సచ్చినోళ్ల పెద్దల పేర్లు ఒక్కొక్కటి పిలిచెటోడు గద, పేరుకో పిడికెడు మట్టి. నువ్వు ఎన్నడు ఎయ్యలేదా?”

“ఎందుకెయ్యలే? రోసమ్మ సచ్చినప్పుడు ఏసిన. వానొస్తుండె, బురద. పేద్రు అన్నడు, ఏసినం. మానేలు అన్నడు, ఏసినం. మానేలు బిడ్డ రోసమ్మ అని పిలిచి... ఆగు. రోసమ్మ ముత్తవ్వ తల్లే గద!”

“మరి? అప్పుడు ఈ భూమి పంచాయితి ఉండెనా? భూమేశ్వర్ ఉండెనా?”

“ఏది లేకుండె.”

“గదే చెప్పు తాసిల్దారుకు. పంచాయితి లేనప్పుడు ఇన్న, నా చేతులతోని మట్టేసిన అని చెప్పు. ఇయ్యాల నేను నేర్పింది కాదు గద అది.”

“మరి ముత్తవ్వ తండ్రి? బయటికెళ్లి వచ్చినోడు గద?”

“మాక్లూర్ అంతోని. ఇల్లరికం తెచ్చుకున్నరు. మానేలు బొందల దిగి తల దిక్కు పట్టింది అంతోనే. కొడుకు పట్టే తావున అల్లుడు పట్టిండు. ఇల్లరికం అల్లుడు కొడుకు లెక్క.”

“గీ సంగతి చెప్పిండని సంపిండ్రా ఆయనను? గింత మాటకా?”

“గింత మాటకే.”

“వదినా, ఇయ్యాల అన్న బొంద కాడ ఎవ్వడు పేర్లు పిలువలే. అందరు ఒకని మొహం ఒకడు చూసిండ్రు. గంత మందికి పిలిచినోన్ని మూగోని లెక్క పూడ్చినం.”

“నువ్వు నేర్చుకో. నేర్చుకున్నంక పోయి ఆయన కాడ పిలువు. నాకు గదొక్కటి చెయ్యి.”

“నువ్వు గూడ రా. ఇద్దరం పోదం.”

“మొదటికెళ్లి అను. నేను అందియ్య.”

“పేద్రు, తోపు కాల్చేటోడు. వేల్పూర్ ఎల్లవ్వ. వాళ్ల కొడుకు మానేలు. మానేలు బిడ్డ రోసమ్మ. ఇల్లరికం వచ్చిన మాక్లూర్ అంతోని. వాళ్ల బిడ్డ ముత్తవ్వ.”

“ఇంకోపాలి.”

“వచ్చింది వదినా! పేద్రు, ఎల్లవ్వ, మానేలు, రోసమ్మ, అంతోని, ముత్తవ్వ. సాలా?”

“సాలు బిడ్డా. సాలు.”

“చెప్త. రేపు నిలవడి చెప్త. గని నువ్వు గూడ ఇను. ముత్తవ్వ భూమి ముత్తవ్వకు రానీ, ఆ దినమే భూమేశ్వర్‌ను నరుకుత. అప్పుడు నువ్వు అడ్డం నిలవడ్డా ఆగ.”

“నిలవడ.”

“మాటియ్యి.”

“ఇచ్చిన. ఇప్పుడు గొడ్డలి అటు పారెయ్. బూట్ల సప్పుడైతున్నది.”

“ఆశమ్మ ఇల్లు ఇదేనా? తలుపు తియ్యుండ్రి!”

“పోలీసోళ్లు! వదినా, నేను ఇంకా ఏం చెయ్యకపోతి గద! నా కోసం ఎందుకు వచ్చిండ్రు?”

“నీ కోసం కాదు. నువ్వు రేపు కచేరికి పో. నరుకనీకె భూమేశ్వర్ లేడు లచ్చన్నా. మీరందరు బొంద కాడ ఉన్నప్పుడు నేను పోయి నరికొచ్చిన.”