ఎలుగుబంటి భుజం మీద

"ఏముందర్రా, కొండ వెన్ను మీద సన్నటి దారి, అటు లోయ, ఇటు లోయ, మధ్యలో నేను!" అన్నాడు ప్రకాశం, దేవేంద్ర నగర్‌లో తన ఇంటి వరండాలో చాయ్ గ్లాసు ఊపుతూ.

చాయ్ ట్రేతో వస్తున్న ఎస్తేరు గుమ్మంలోనే ఆగిపోయింది. పోయిన ఆదివారం చర్చి దగ్గర 'ఆ కొండ నాకు కొట్టిన పిండి' అని నోరు జారాడు మొగుడు. ఇప్పుడు చర్చి పిల్లలు రేపటికి జీపు మాట్లాడుకుని, దారి చూపించమని వచ్చి కూర్చున్నారు. రైల్వేలో టికెట్లిచ్చి రిటైరైన మనిషికి కొండేం తెలుసు?

"పైనుంచి మహానది, ఆరంగ్ ఊళ్ళో గుడి! కళ్ళు చిట్లిస్తే ఐదొందల కిలోమీటర్ల అవతల కాకినాడ సముద్రం, ఇంకాస్త చిట్లిస్తే డాబా మీద మా అక్క ఎండేసిన చేపలు! 'కాకొచ్చిందే అక్కా' అని అక్కణ్ణుంచే అరిచాను."

"వినిపించిందా అంకుల్?" అంది పిల్లల్లో అనూష.

"వినిపించకేం, తోలేసింది! ఆ తర్వాత ఏమైందో తెలుసా? దారి తెగిపోయింది. అవతల ఎలుగుబంటి. చెయ్యి చాచింది, పట్టుకుని దాటేశాను. తిరిగొచ్చేటప్పుడు పాపం దానికి కాళ్ళు నొప్పులు. భుజానేసుకున్నాను."

"పక్కా?"

"పక్కా!"

ఒక్కరూ నవ్వలేదు. "అయితే రేపు మీరే ముందు," అన్నాడు పిల్లల పెద్ద క్రిస్టోఫర్. "మీ వెనకాల కళ్ళు మూసుకుని వచ్చేస్తాం."

ప్రకాశం ఊపుతున్న గ్లాసు ఒరిగి చాయ్ లుంగీ మీద ఒలికింది. నలుగురిలో మొగుడి పరువా, ఈ పిల్లల ప్రాణాలా? ఎస్తేరు ట్రే కింద పెట్టేసింది.

"క్రిస్టోఫరూ, పోయిన క్రిస్మస్‌కి మా ఇంటి మీద నక్షత్రం ఎవరు కట్టారు?"

"నేనే ఆంటీ. అంకుల్‌కి మోకాళ్ళ నొప్పులని..."

"మోకాళ్ళు కాదు నాయనా, కళ్ళు తిరిగాయి! నిచ్చెన మూడో మెట్టు మీద దాన్నే కావలించుకుని కదలనంటే, కీర్తన పాడుతూ నేనే దింపాను. ఆ ఎలుగుబంటిని అప్పుడెందుకు పిలవలేదో అడుగు!"

వరండా పగలబడి నవ్వింది. కొండ కింది ఊళ్ళో దారి తెలిసిన మనిషినే తీసుకెళతామని పిల్లలు లేచారు.

గేటు పడ్డాక ప్రకాశం లుంగీ తుడుచుకుంటూ గొణిగాడు.

"ఇంతసేపటికా నోరు విప్పేది? ఎలుగుబంటిని భుజానెత్తుకున్నా నమ్మేస్తున్నారే ఈ పిల్లలు! నువ్వింకాస్త ఆగితే దాన్ని జీపు కూడా ఎక్కించాల్సొచ్చేది."