సున్నకే తిప్పిన చెయ్యి

నా పేరు ముదస్సిర్. తండ్రి పేరు ఇక్బాల్. వయస్సు నలభై ఏడు. కోరుట్లలో ఎలక్ట్రానిక్స్ రిపేరు దుకాణం నడుపుతాను. శుక్రవారాలు మసీదులో బయాన్, అంటే ధర్మబోధ, చెబుతాను. రెండు పనులూ సొంతంగా నేర్చుకున్నవే. జగిత్యాల మేజిస్ట్రేటు గారి ఎదుట, ఎవరి ఒత్తిడీ లేకుండా చెబుతున్నాను.

ఫిబ్రవరి 11, మంగళవారం ఉదయం పది గంటలకు జగిత్యాలలోని ఒక పాలిటెక్నిక్ ల్యాబుకు వెళ్లాను. పిలిచింది అక్కడి ఇన్‌స్ట్రక్టరు జీవన్. అరవై వోల్టుల దాకా ఇచ్చే డీసీ పవర్ సప్లై వోల్టేజిని విద్యార్థులు తమ బల్ల మీది చిన్న మీటతో మార్చేటట్టు చేయమన్నాడు. యంత్రం వెనక మరలను కలుపుతూ మూడు ఇత్తడి రేకులుంటాయి. వాటిలో ఒక్కటి తీసినా ముందున్న మీట పనిచేయదు. అప్పుడు రెండు మరలకు తీగలు కట్టి, మధ్యలో ఎంత నిరోధం పెడితే అంత వోల్టేజి వస్తుంది. రేకులు తీసి, చిన్న ఖురాన్ దాచుకునే గుడ్డసంచిలో వేసుకున్నాను. తీగను మెలిపెట్టి వదిలేశాను. సోల్డరు చేయలేదు.

"భాయ్, గీ తీగ ఊడితే ఏమైతది?" అని జీవన్ అడిగాడు.

"పేక తెగితే మగ్గం ఆగుతది. గట్లనే సున్న అయితది," అన్నాను.

"నువ్వింకా సిరిసిల్ల దాటలే," అని నవ్వాడు. అక్కడ పన్నెండేళ్లు మగ్గాల మోటార్లు బాగుచేశాను.

11.20కి ఇరవై ఐదు వోల్టుల కెపాసిటర్ తగిలించి ఇరవై పెట్టాము. తీగ ఊడింది. మీటరు ముల్లు అరవైకి పోయింది. "సుజాతా, తగ్గియ్యి," అంటూ జీవన్ క్లిప్పులు పీకడానికి వంగాడు. అటెండరు సుజాత యంత్రం ముందున్న మీటను సున్నకు తిప్పింది. నా రెండు కళ్లతో చూశాను. ముల్లు కదలలేదు. కదలదు. రేకులు నా సంచిలో ఉన్నాయి. కెపాసిటర్ పేలింది. జీవన్ ఎడమ కన్ను పోయింది.

అతన్ని మోసుకుపోయాక గదిలో నేనొక్కడినే నాలుగు నిమిషాలున్నాను. తీగలు పీకి, రేకులు బిగించాను. మీట ఎక్కువ తిప్పినట్టుందని పోలీసులకు చెప్పాను. వరండాలో సుజాత ఒక్కటే మాట అంటున్నది: "నేను సున్నకే తిప్పిన సార్."

కేసు ఆమె మీద పెట్టారు.

మరునాడు యంత్రం పుస్తకం చదివాను. జీవన్ ముందే ఇచ్చాడు, నా దగ్గరే ఉంది. తీగ తెగితే నిరోధానికి అంతుండదు, వోల్టేజి చివరంటా ఎక్కుతుందని పదమూడో పేజీలో ఉంది. దైవగ్రంథం తప్ప ఏ పుస్తకమూ పూర్తిగా చదవని గర్వం నాది.

అప్పటి నుంచి నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడిగి, వజూ చేసి నల్లా కట్టినా నీళ్ల చప్పుడు ఆగదు. దుకాణంలో రేడియో సున్నకు తిప్పినా ఆమె గొంతు వస్తుంది. నేను సున్నకే తిప్పిన సార్.

శుక్రవారం బయాన్‌లో, మీకు వ్యతిరేకమైనా సరే న్యాయానికి సాక్షులుగా నిలబడండన్న వాక్యం చదవబోయాను. ఏళ్లుగా ఇతరుల మీద గర్జించిన వాక్యం. ఖురాన్ తీస్తుంటే సంచిలోంచి ఒక రేకు చాప మీద పడింది. ముందు వరుసలోని జుబేర్ అందుకుని, "గిది దేని పుర్జా, హజ్రత్?" అన్నాడు. రేకు తీసుకున్నాను. బయాన్ అక్కడే ఆపేశాను.

తొందరలో రెండే బిగించాను. యంత్రం వెనక చూడండి. ఈ మూడోది లేకుండా ముందు మీటను ఎటు తిప్పినా ముల్లు కదలదు. సుజాతను వదిలేయండి. తీగ కట్టింది నేను.

రాసింది నాకు చదివి వినిపించారు. సుజాత సున్నకే తిప్పిందన్న చోట "నా రెండు కళ్లతో చూశాను" అని చేర్పించాను. మిగతాది నేను చెప్పినట్టే ఉంది. నిజం.

(సంతకం) ముదస్సిర్
15 ఫిబ్రవరి 2025, జగిత్యాల
అప్పగించినది: ఇత్తడి రేకు, ఒకటి.