మింగేసిన ‘న్’

లాండ్రీ వెనక మెట్ల మీద బాయిలర్ బాబాయ్ టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడంటే కథ మొదలైనట్టే.

ఇస్త్రీ అక్క పై మెట్టు మీద కూర్చుని కుడి భుజాన్ని గోడకి ఆనించింది. హోటల్ దుప్పట్లు ఇస్త్రీ చేసీ చేసీ ఆ భుజం పైకి లేవనంటోంది. కాసేపు కూర్చోనివ్వమని అడగడానికి ఆమె దగ్గర మాట లేదు. బతకడానికొచ్చిన ఈ పరాయి దేశంలో సూపర్‌వైజర్‌కి స్పానిష్ తప్ప మరోటి రాదు. కూర్చోవడం కూడా మనిషి హక్కేనని ఆ గోడల మీద రాసే తీరిక ఎవరికీ దొరకలేదు. అందుకే నిన్న బాబాయ్‌ని అడిగితే ఒక మాట నేర్పాడు. దాని మహిమ ఇవాళ చెబుతున్నాడు.

"పాత ఫ్యాక్టరీలో యజమాని ముందు నిలబడి మెల్లగా అన్నాను, ‘ఎస్తోయ్ కసాదో’ అని. అలసిపోయానయ్యా అని. అంతే, ఐదు నిమిషాలు కూర్చోమన్నాడు."

"ఐదేనా?" అన్నాడు కింది మెట్టు మీదున్న వ్యాన్ డ్రైవర్.

"ఆగవోయ్! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా గొంతు విని ఆయన కళ్ళు చెమర్చాయి, తన కుర్చీ తెచ్చి వేశాడు, నేను కూర్చున్నానా, పక్కవాడూ అదే మాటన్నాడు, వాడి పక్కవాడూ అన్నాడు, మిషన్లన్నీ ఆగిపోయాయి, మాట వీధిలో పడింది, రైలు నడిపేవాడు బండి దిగి పట్టాల పక్కనే నడుం వాల్చాడు, సాయంత్రానికి రేవులో ఓడలన్నీ..."

"ఓడలకీ స్పానిష్ వచ్చా బాబాయ్?" అన్నాడు డ్రైవర్.

"ఓడలదేముంది, సముద్రానికే వచ్చు! ఒడ్డున నిలబడి ‘దెస్కన్సా’ అన్నాను. విశ్రాంతి తీసుకో తల్లీ అని. మళ్ళీ అల లేస్తే ఒట్టు! చేపలు పక్కకి తిరిగి పడుకున్నాయి. పాపం, పుట్టాక మొదటిసారి."

డ్రైవర్ నవ్వలేదు. చేపలు పడుకున్న చోట అతని కళ్ళూ మూతలు పడ్డాయి.

అక్క గ్లాసు కింద పెట్టింది. "ఆ మాట పొద్దున నేనూ అన్నాను బాబాయ్."

"చూశావా మరి! ఏమన్నాడు?"

"చెయ్యి కలిపి అభినందించాడు. వేలికున్న ఉంగరం చూపించి తనకీ అయిందన్నాడు. ఇంకో బండెడు దుప్పట్లు నా మీదికి తోశాడు."

"ఏమయిందట?"

"పెళ్ళి. నువ్వు నేర్పింది ‘నాకు పెళ్ళయింది’ అని. నా పక్కన మడతలు పెట్టే పిల్లది ఆ భాషే, సరిచేసింది. కన్సాదో. ఆడదాన్నైతే కన్సాదా. మధ్యలో ‘న్’ ఉంది. సముద్రాన్ని ఆపినవాడివి, దాన్నెక్కడ మింగేశావ్?"

"అదీ... యాస తేడా అమ్మాయ్."

"యాస కాదు. నువ్వా మాట ఏ యజమాని ముందూ అని ఉండవు. అని ఉంటే ఆయనా నీకు చెయ్యి కలిపేవాడు."

బాబాయ్ మిగిలిన టీ గటగటా తాగేశాడు.

లోపల గంట మోగింది. అలవాటుగా అందరూ లేవబోయారు. అక్క లేవలేదు. సూపర్‌వైజర్ తలుపు తీసి, చేతి గడియారం మీద వేలితో తట్టాడు.

"ఎస్తోయ్ కన్సాదా," అంది అక్క, ‘న్’ మీద ఒత్తి.

ఈసారి అతను చెయ్యి చాచలేదు. వాలిపోయిన ఆమె భుజాన్ని చూశాడు. కూర్చోమన్నట్టు తలూపి, మిగతావాళ్ళ వైపు తిరిగాడు.

సగం లేచిన బాబాయ్ మళ్ళీ మెట్టు మీద కూర్చున్నాడు. గ్లాసు రెండు చేతులా పట్టుకుని, సముద్రానికి వినపడనంత మెల్లగా అన్నాడు:

"కన్... సాదో."